ఏటా రెండువేల పుస్తకాలు

మా బడి కంప్యూటర్ గదిలో ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరం కూర్చునేవాళ్లం. మౌస్ ఎవరి చేతికి చిక్కితే ఆ పూట రాజ్యం వాళ్లది. 2004లో, మేం తొమ్మిదిలో ఉండగా, లెక్కల సారే ఎక్సెల్ (గడుల పట్టికలో లెక్కలు చేసే ప్రోగ్రామ్) కూడా చెప్పారు. ముందు గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో కమ్మీ రేఖాచిత్రం గీసి చూపిస్తేగానీ మౌస్ ముట్టుకోనిచ్చేవారు కాదు. స్కేలు తీసుకోవడం, కమ్మీల వెడల్పూ మధ్య ఖాళీలూ సమానంగా ఉంచడం అన్నీ చేత్తోనే చేశాక ఇంక కంప్యూటర్ ఎందుకని గొణుక్కునేవాళ్లం.

ఆ రోజు లెక్క చాలా చిన్నది. 1999 నుంచి 2003 దాకా లైబ్రరీకి ఏటా కొత్తగా వచ్చిన పుస్తకాలు. ఏ కాలమ్‌లో సంవత్సరం, బి కాలమ్‌లో పుస్తకాలు. రెండూ సెలెక్ట్ చేసి, అప్పటి ఎక్సెల్‌లో బొమ్మ గీసిపెట్టే చార్ట్ విజార్డ్ నొక్కాను. మొత్తం నాలుగు మెట్లు. నేను చదవకుండానే నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ పోయి ఫినిష్ నొక్కేశాను.

తెర మీద ఐదు స్తంభాలు లేచాయి. ఐదూ ఒకే ఎత్తు. ఒక్కోదాని పక్కన అడుగున గడ్డిపరకంత ఇంకోటి. సార్ వెనకాల నిలబడి కాసేపు చూశారు.

"ఒరేయ్, లైబ్రరీకి ఏటా రెండువేల పుస్తకాలొచ్చాయట్రా? బీరువాలెక్కడ పెట్టారు?"

గదంతా నవ్వులే. ఆ స్తంభాలు పుస్తకాలు కావు, సంవత్సరాలు! 1999, 2000 అన్నవి పేర్లని మనకు తెలుసు, ఎక్సెల్‌కి అవీ అంకెలే. పైన 'సంవత్సరం' అని హెడ్డింగ్ కూడా ఉండేసరికి దాన్ని గీయాల్సిన ఇంకో వరస అనుకుంది. సార్ ఏ1 గడిలో ఉన్న ఆ ఒక్క మాట చెరిపించి, మళ్లీ గీయమన్నారు. ఈసారి సంవత్సరాలు బుద్ధిగా కిందికి దిగి కూర్చున్నాయి, గడ్డిపరకలు కమ్మీలయ్యాయి. పక్కవాడు మాత్రం అడుగున ఉన్న 'మొత్తం' వరసని కూడా కలిపి సెలెక్ట్ చేసి, ఆరో కమ్మీని తాటిచెట్టంత పెంచాడు.

మర్నాడు హాజరు శాతాలు గీశాం. అన్నీ 91కీ 96కీ మధ్యే, అయినా తెర మీద ఒక నెల కుప్పకూలినట్టు కనిపించింది. నిలువు అక్షం సున్నా దగ్గర కాకుండా 88 దగ్గర మొదలైంది మరి. ఆ మొదలు నుంచి చూస్తే 91 ఎత్తు 3 పాయింట్లు, 96 ఏమో 8. అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే ఎక్సెల్ తనంతట తానే అడుగు కోసేస్తుంది. అక్షం మీద డబుల్ క్లిక్ చేసి, స్కేల్‌లో మినిమమ్ దగ్గర 0 కొట్టాక గానీ నెలలన్నీ ఇంచుమించు ఒక ఎత్తుకి రాలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ముందరి బొమ్మే నచ్చింది.

కమ్మీ రేఖాచిత్రాలకు ఆద్యుడని పేరున్న విలియం ప్లేఫెయిర్ సంగతి కూడా సారే చెప్పారు. 1786 నాటి తన పుస్తకంలో ఆయన దేశాల వ్యాపారాన్ని ఏడాదికేడాది గీతలుగా గీశాడు. స్కాట్లాండ్‌కి మాత్రం అన్నేళ్ల లెక్కలు దొరకలేదు. ఉన్న ఒక్క ఏడాది ఎగుమతి దిగుమతులనే కమ్మీలుగా వేశాడు. అలా గీయాల్సి వచ్చినందుకు ఆయనకే పెద్ద తృప్తి లేదట. నాకా పెద్దమనిషి మీద వెంటనే అభిమానం పుట్టింది.

చివరికి పుస్తకాల చార్ట్ లైబ్రరీ బోర్డుకి పెట్టాలన్నారు. పుస్తకాలు తీసుకెళ్లిన అబ్బాయిల లెక్కొక రంగు, అమ్మాయిల లెక్కొక రంగు అదనంగా చేర్చి ఎంతో ముచ్చటపడ్డాం. ప్రింటర్‌కి తెలిసింది నలుపు ఒక్కటే. వెనకాల బూడిద, కమ్మీలూ బూడిదే. ఏది ఎవరిదో సార్‌కే అంతుపట్టలేదు. ఇద్దరం నేల మీద బోర్లా పడుకుని, స్కెచ్ పెన్నులతో సాయంత్రం బెల్లు కొట్టేదాకా కమ్మీలకు రంగులు దిద్దుతూనే ఉన్నాం.