వార్డు మీటింగు రోజు

ఏప్రిల్, మంగళవారం. దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌కై కొండల్లో.

పొద్దున్నే పొగమంచు. వీధి కుళాయి దగ్గర బకెట్లు వరసలో ఉన్నాయి, మనుషులు లేరు. నీళ్లు రాలేదన్నమాట. వచ్చి ఉంటే దూరం నుంచే మాటలు వినబడేవి.

లోయలో బోరు. పంపు ఆ నీళ్లను గుట్టమీది సిమెంటు ట్యాంకుకు ఎక్కిస్తే, అక్కణ్నుంచి పల్లానికి కుళాయిలకు వస్తాయి. మనిషికి రోజుకు 25 లీటర్లు, అదీ ఇంటికి 200 మీటర్ల లోపు అందాలన్నది సర్కారు పెట్టిన కనీస ప్రమాణం. పంపు ఆగడానికి కారణాలు కొత్తవేం కావు. డీజిల్ అయిపోతుంది, కేబుల్ ఎవరో కోసుకుపోతారు, పిడుగుకు మోటారు కాలిపోతుంది. పంపు బాగున్న రోజుల్లోనూ లైను చివర ఇళ్లకు ధార సన్నమే. పైనున్నవాళ్లు మెయిన్ పైపుకు చిల్లు వేసి పెరట్లోకి గొట్టం లాక్కుంటారు, ప్రెషర్ అక్కడే పోతుంది. దానికితోడు ఇక్కడి ఊళ్లు మనవాటిలా ఒకచోట కుదురుగా ఉండవు. ఇళ్లన్నీ గుట్టల వీపుల మీద చెదిరి ఉంటాయి. కొద్ది ఇళ్లకు నీళ్లివ్వాలన్నా పైపు చాలా దూరం వెయ్యాలి.

పదింటికి కమ్యూనిటీ హాల్లో వార్డు మీటింగు. పదింటికి అన్నా, ప్రార్థన, పాట అయ్యేసరికి పదకొండు. ముందు వరసలో సిబోండా, అంటే ఊరి పెద్ద, పక్కన వార్డు కమిటీ. కమిటీలో పదిమంది దాకా ఉండొచ్చు, అధ్యక్షత కౌన్సిలర్‌దే. ఇవాళ విషయం ముసాయిదా బడ్జెట్. ఇక్కడి మున్సిపాలిటీలకు ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. మార్చి ఆఖరుకల్లా ముసాయిదా కౌన్సిల్ ముందు పెట్టాలి, తర్వాత జనం మాట వినాలి, జూన్ ముగిసేలోపు ఆమోదించాలి. అందుకే ఏప్రిల్ అంతా ఇవే మీటింగులు.

అడిగినవాటిలో సగం కౌన్సిలర్ చేతిలో లేనివే. నీళ్లు, మరుగుదొడ్లు జిల్లా మున్సిపాలిటీవి. పల్లెల్లో కరెంటు ఎస్కామ్ అనే సర్కారు కరెంటు సంస్థది. బడి, క్లినిక్, పెద్ద మట్టిరోడ్డు ప్రావిన్స్‌వి, అంటే మన రాష్ట్రం లాంటిదానివి. స్థానిక మున్సిపాలిటీకి మిగిలేవి ఊళ్లలోకి వెళ్లే చిన్న రోడ్లు, హాళ్లు, టౌన్లో చెత్త, శ్మశానాలు. మన సర్పంచులు చెక్ పవర్ కోసం పోట్లాడుకుంటారు. ఇక్కడ కౌన్సిలర్లు టెండరు కమిటీల్లో కూర్చోవడమే చట్టం ఒప్పుకోదు. అది మంచిదే, కానీ నీళ్ల గురించి అడిగే ముసలమ్మకు ఏం చెప్తాం? ఓటు వేసింది ఆయనకు, అడిగేదీ ఆయన్నే. ఆయన నోట్‌బుక్‌లో రాసుకుంటాడు, జిల్లాకు పంపిస్తానంటాడు. ఆ పూట ఆయన నిజంగా చేసిపెట్టిన పని ఒకటే: చిరునామా ఉత్తరాల మీద ముద్రలు వెయ్యడం. వీధి పేరు, ఇంటి నంబరు లేని ఊళ్లు ఇవి. బ్యాంకులాంటివి చిరునామా రుజువు అడిగితే, ఫలానావాళ్లు ఇక్కడే ఉంటున్నారని సిబోండా గానీ కౌన్సిలర్ గానీ రాసిస్తారు. ఇంకు ప్యాడ్ ఎండిపోతే దానిమీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి మళ్లీ గుద్దుతున్నాడు.

డబ్బు సంగతి బడ్జెట్ కాగితంలో మొదటి పేజీలోనే ఉంది, ఎవరూ చదవలేదు. పల్లెభూమి ఉమ్మడిది. ఇంటిజాగా ఊరి పెద్దల ద్వారా వస్తుంది, పట్టా ఉండదు, కాబట్టి ఆస్తిపన్నూ ఉండదు. పన్ను కట్టేది టౌన్లో కొన్ని దుకాణాలు, ఆఫీసులు. మిగతాదంతా ప్రిటోరియాలోని కేంద్ర సర్కారు నుంచి జూలై, డిసెంబరు, మార్చి నెలల్లో మూడు విడతలుగా వచ్చే ఈక్విటబుల్ షేరు, అంటే దేశ ఆదాయంలో మున్సిపాలిటీ వాటా, ఆపైన పనులకు విడిగా ఇచ్చే గ్రాంట్లు. గ్రాంటు జూన్ 30 లోపు ఖర్చవ్వకపోతే, అనుమతి తెచ్చుకుంటే తప్ప వెనక్కి వెళ్లిపోతుంది. టెండరు ప్రకటన కనీసం 14 రోజులు, కోటి రాండ్లు దాటితే 30 రోజులు ఉంచాలి. తర్వాత టెండరు చూసే మూడు కమిటీలు. ఆ తర్వాత కాంట్రాక్టరుకూ ఊరికీ మధ్య మాట చేరవేసే లైజన్ ఆఫీసరుగా ఊళ్లో ఎవరిని పెట్టాలని తగవు. అన్నీ తేలేసరికి మే నెల.

రోడ్డు గురించే కాస్త గట్టిగా మాట్లాడుకున్నారు, నాకూ అదే ముఖ్యం అనిపించింది. పోయినసారి గ్రేడర్, అంటే రోడ్డు గీరే యంత్రం, మట్టిని అటూఇటూ గీరి, రోడ్డును చదునుగా వదిలేసి వెళ్లింది. మట్టిరోడ్డు చదునుగా ఉండకూడదు. నడుమ ఎత్తుగా, ఇరుపక్కలకు నూటికి నాలుగైదు వంతుల వాలుతో ఉండాలి. పక్క కాలవలో నీళ్లను అక్కడక్కడా గండి కొట్టి పొలంలోకి వదలాలి. లేకపోతే రోడ్డే కాలవైపోతుంది. హాలు కింది మలుపులో అదే జరిగింది. 150 మిల్లీమీటర్ల గ్రావెల్ మొత్తం కొట్టుకుపోయి కింది బండ తేలింది. అక్కడి తూము సన్నది. ఒక మొక్కజొన్న కట్టె అడ్డుపడితే చాలు, దాని వెనక గడ్డి, మట్టి చేరి పూడుకుపోతుంది. 600 మిల్లీమీటర్ల తూమైతే పార పట్టుకుని లోపలికి దూరి శుభ్రం చెయ్యొచ్చు. ఈ సంగతి ఒక పెద్దాయన లేచి చెప్పాడు, అంకెలు లేకుండా, చేతులు చాచి వెడల్పు చూపించి. బాక్కీ (పికప్ బండి) ట్యాక్సీలు ఆ మలుపు దగ్గరే ఆగిపోతున్నాయి. క్లినిక్కుకు వెళ్లాల్సినవాళ్లు అక్కణ్నుంచి నడకే.

గుంట మరుగుదొడ్ల మాట రెండు ముక్కల్లో అయిపోయింది. గాలిగొట్టం పైన వల చిరిగితే ఈగలు బయటికొస్తాయి, వల మార్చండి, గుంటలో బట్టలుతికిన నీళ్లు పొయ్యకండి అన్నారు. వల ఎక్కడ దొరుకుతుందని ఎవరో అడిగారు. జవాబు రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు పక్కింటి ప్లాస్టిక్ ట్యాంకు చూశాను. 5,000 లీటర్లది. ఆరుగురికి మనిషికి 25 చొప్పున వాడితే నెల మీద మూడు రోజులు. గడ్డికప్పు గుడిసె నీళ్లు ఇందులోకి పనికిరావు, రేకుల ఇల్లు కావాలి. 40 చదరపు మీటర్ల రేకుల మీద పది మిల్లీమీటర్ల వాన పడితే 400 లీటర్లు, ఒలికింది పోగా 330 దాకా దక్కుతాయి. వీళ్లు ట్యాంకును నాలుగు రాళ్ల మీద నిలబెట్టారు. నిండితే ఐదు టన్నుల బరువు. అడుగు రాళ్ల మధ్య అప్పుడే కిందికి ఉబ్బింది, పగిలేది అక్కడే. కింద మొత్తం ఆనేలా సిమెంటు దిమ్మె కట్టాలి, కుళాయి కింద బకెట్ పట్టేంత ఎత్తున. ఇప్పుడు ట్యాంకులో నీళ్లు మోకాలెత్తే ఉన్నాయి కాబట్టి, తోడేసి పక్కకు జరపడం కష్టం కాదు. మే దాటితే ఇక్కడ వానలు పెద్దగా ఉండవు, దిమ్మె ఆరడానికి అది మంచి కాలమే. ఇసుక నది నుంచి వస్తుంది. సిమెంటు మాత్రం టౌన్ నుంచి రావాలి, బాక్కీ ఆ మలుపు దాటితే.