అల్లుడుగారి ఐస్‌క్రీమ్ పాఠం

"మీ వైజాగ్‌లో ఐస్‌క్రీమ్ అంటే సగం గాలే కదోయ్" అన్నారు బావ. నిన్న సాయంత్రం, బీచిలో సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా, అందరి ముందూ. ఆయన అన్నది ఒక్కసారే. దానికి అమ్మ "అవును బాబూ, నోట్లో పెట్టుకుంటే ఏమీ ఉండదు" అని వంత పాడింది చూశారూ, అక్కడ కాలింది నాకు. అదీ కప్పు అడుగుదాకా గీరి గీరి తిన్నాక.

పన్నెండు దాటింది. హాల్లో బావ గురక. అక్క, పిల్లలు ఏసీ గదిలో. మా ఆవిడ "లైటు తీసి పడుకోండి" అని రెండోసారి చెప్పి అటు తిరిగింది. నిద్ర రావట్లేదు.

అమ్మ సంగతి మీకు తెలిసిందే. కొడుకు చెబితే పనికిమాలిన మాట, అదే మాట అల్లుడుగారు చెబితే వేదం. కొర్రలు తినమని నేను ఏడాది పోరాను. బావ ఫోన్లో ఒక్కసారి అన్నారు, మర్నాడే పొయ్యి మీద కొర్రన్నం.

నిన్నటి ఐడియా కూడా బావదే. రాత్రి భోజనం మానేసి, ఊళ్లో ఒక్కో చోట ఒక్కో ఐస్‌క్రీమ్ రుచి చూడాలట. పిల్లలు ఎగిరి గంతేశారు. బిల్లు ఎవరు కట్టారన్నది రాయక్కర్లేదనుకుంటా.

మొదట సిరిపురం వైపు జెలాటో షాపు, అదే, ఇటలీ తరహా ఐస్‌క్రీమ్. లోపల ఏసీ, స్టీలు మూతల కింద రంగురంగుల గిన్నెలు, రుచి చూడ్డానికి చెక్క పుల్లలు. బావ పిస్తా అడిగారు. వచ్చింది చూసి నేను పాడైందేమో అనుకున్నాను, మట్టి కలిసిన ఆకుపచ్చ. "అసలు పిస్తా ఇలాగే ఉంటుందోయ్, చిలకపచ్చగా ఉంటే రంగు కలిపినట్టే" అన్నారు. నోట్లో పెట్టుకున్నాను. బాగుంది. నిజంగానే బాగుంది. వేయించిన పిస్తా వాసన, చివర్లో కొంచెం ఉప్పు. జెలాటోని మామూలు ఐస్‌క్రీమ్ అంత చల్లగా పెట్టరట, మైనస్ పన్నెండు, పదమూడు డిగ్రీల దగ్గర ఉంచుతారట. నాలుక మొద్దుబారదు కాబట్టి రుచి తెలుస్తుంది. వెన్న కూడా తక్కువే. ఇదంతా బావ చెప్పారు, కౌంటరులో అమ్మాయి తలూపింది. సంతోషం సంగతి ఇంతే, మిగతాదంతా చిరాకే.

బోర్డు మీద మ్యాంగో ఎదురుగా ఆల్ఫాన్సో అని రాసుంది. మే నెల. షాపు బయట అడుగు తీసి అడుగు వేస్తే తోపుడు బండి, బండి నిండా సువర్ణరేఖ, బుగ్గ మీద ఎరుపు, వాసన రోడ్డు అవతలికి వస్తోంది. మన ఉత్తరాంధ్ర కాయ అది. లారీలకెత్తి ఒడిశాకీ బెంగాల్‌కీ పంపుతాం, అక్కడ దాన్ని సుందరి అని పిలుచుకుని మురిసిపోతారు. మనం మాత్రం కొంకణ్ నుంచి వచ్చిన డబ్బా గుజ్జు కొనుక్కుని తింటాం. "సువర్ణరేఖతో చెయ్యరా?" అని అడిగాను. ఆ అమ్మాయి "అది లోకల్ కదా సార్" అంది. లోకల్ కాబట్టేనమ్మా అడిగింది!

(మా చిట్టి మోచేత్తో పొడిచింది. బయటికొచ్చాక "నాన్నా, ప్రతి చోటా ఇంటర్వ్యూ చెయ్యకు" అంది. ఇంటర్‌కొచ్చాక దానికి నా వల్ల పరువు పోవడం ఎక్కువైంది.)

రెండోది మా పాత పార్లరే. పేరు రాయను, మీలో చాలామందికి తెలుసు. నేను పెళ్లికి ముందు మా ఆవిడని తీసుకెళ్లిందీ అక్కడికే. అక్కకి పాలు పడవు కదా, అందుకని సోర్బెట్ చూసుకుంది. నేరేడు పండుది. పండు, నీళ్లు, పంచదార, అంతే ఉండాలి అందులో. అయినా జాగ్రత్తకి అడిగింది, "బాబూ, ఇందులో పాలు ఉండవుగా?" అని. ఆ కుర్రాడు ఎంత ధైర్యంగా చెప్పాడో: "మంచి క్రీమీగా ఉంటుంది మేడమ్, పాలు ఎక్కువే వేస్తారు."

అక్క నా వైపు చూసింది. నేను లోపలున్న పెద్దాయన్ని పిలిచాను. ఆయన వచ్చి, ఉండవండీ, వీడు కొత్తవాడు అన్నాడు. సరే. అక్కడితో ఆగితే నేనీ టపా రాసేవాణ్ణి కాదు.

కౌంటరు మీద ఒక స్టీలు మగ్గు ఉంది. దాంట్లో నీళ్లు, నీళ్లలో స్కూపు. ఆ నీళ్లు తెల్లగా, కొంచెం గులాబీ రంగు తిరిగి, పైన బటర్‌స్కాచ్ పలుకు ఒకటి తేలుతోంది. కుర్రాడు స్కూపు తీశాడు, మగ్గు అంచుకి టక్కుమని కొట్టాడు, నేరుగా నేరేడు గిన్నెలో ముంచాడు. పాలు లేని సోర్బెట్ మీద పాల నీళ్లు చారగా జారాయి, ఊదా రంగు మీద తెల్లగా కనిపిస్తూనే ఉంది. "వేరే స్కూపు లేదా?" అన్నాను. "ఇది కడిగిందే సార్" అన్నాడు. దేంతో కడిగాడు? ఆ నీళ్లతోనే! ధారగా నీళ్లు వచ్చే చిన్న గుంట లాంటిది ఉంటుంది స్కూపులకి, ఇందాకటి జెలాటో షాపులో అది ఉంది. పెద్ద ఖర్చేం కాదు. పోనీ సోర్బెట్‌కి ఒక స్కూపు విడిగా పెట్టుకుంటే పోయేదేముంది? ఒంటికి పాలు పడనివాళ్ల కోసమే కదా సగం మంది ఇళ్లల్లో అది అడిగేది. అక్కకి కడుపుబ్బరంతో పోతుంది, పాల అలర్జీ ఉన్న చిన్నపిల్లలకి అలా కాదు కదా.

అక్క "పోనీలేరా" అని తినేసింది. నాకు మాత్రం కూర్చున్నంతసేపూ ఆ మగ్గే కనిపించింది. మా ఆవిడ తన కప్పు నా ముందుకు తోసి "ఇది తిని ఊరుకోండి" అంది. ఏం ఫ్లేవరో కూడా గుర్తు లేదు.

అక్కడి నుంచి బీచి. గాలి ఉప్పగా, జిడ్డుగా ఉంది, కోను చేతికిచ్చిన రెండు నిమిషాల్లో మెత్తబడిపోతోంది. అమ్మ కోసం బండి మీద కప్పు తీసుకున్నాం, అమ్మకి అదే ఇష్టం. బావ కప్పు తిప్పి చదివారు. "ఫ్రోజెన్ డెజర్ట్. వెజిటబుల్ ఆయిల్. ఇది ఐస్‌క్రీమే కాదత్తయ్యా." ఆ మాట నిజమే. ఐస్‌క్రీమ్ అని రాయాలంటే కొవ్వంతా పాలదే అయి ఉండాలి, మామూలు ఐస్‌క్రీమ్‌లో అది నూటికి కనీసం పది శాతం ఉండాలి. నూనె పోస్తే ఫ్రోజెన్ డెజర్ట్ అని వేసుకోవాలి. ఈ తేడా మీద 2017లో పెద్ద కంపెనీలు బొంబాయి హైకోర్టుదాకా కొట్లాడుకున్నాయి. ఇవన్నీ నాకూ తెలుసు. అమ్మకి చెప్పలేదంతే. ఆవిడ డెబ్బై దాటాక ఇష్టంగా తినేది అదొక్కటీ, దాన్ని చేదు చెయ్యడం ఎందుకు? ఆ తర్వాతే బావ గాలి మాట అన్నది.

ఇక్కడిదాకా రాసి ఆగాను. ఎందుకంటే ఆ గాలి మాట నాకు కొత్త కాదు, నాన్న నోట విన్నదే.

హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు మేం కిటికీలకి మంచాలు అడ్డం పెట్టుకుని కూర్చోవడం, మధ్యాహ్నం గాలి ఒక్కసారి ఆగి మళ్లీ ఇంకో వైపు నుంచి రావడం ఇదివరకు రాశాను. రాయనిది మర్నాడు సాయంత్రం. కరెంటు లేదు, ఫోన్లు లేవు, బోరు మోటారు ఆడదు, పాల ప్యాకెట్టు ఎంత చెబితే అంత. వీధి పొడుగునా చెట్లు అడ్డం. అప్పుడు మా వీధి చివర కిరాణా ఆయన షట్టరు సగం లేపి, ఫ్రీజరు తెరిచి "పట్టుకుపోండి, ఎలాగూ పోయిందే" అని కేకేశాడు. పిల్లలు గ్లాసులు పట్టుకొచ్చారు. చిట్టి అప్పుడు యూకేజీ, ప్లాస్టిక్ మగ్గు పట్టుకుని పరిగెత్తింది. నాన్న స్టీలు క్యాను తీసుకెళ్లారు, పాలకి తీసుకెళ్లేది. పాలు ఎక్కడా దొరకలేదు, క్యాను నిండా స్ట్రాబెరీ తెచ్చారు.

మెట్ల మీద కూర్చుని పాయసంలా గ్లాసుల్లో పోసుకుని తాగాం. నాన్నకి షుగరు. అమ్మ అరుస్తూనే ఉంది, ఆయన రెండో గ్లాసు పోసుకుంటూనే ఉన్నారు. చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేవు, బిందెడే ఉంది, అది తాగడానికి. మూతులూ వేళ్లూ జిగటగా అలాగే పడుకున్నాం, రాత్రికి చీమలు పట్టాయి. ఆ చీకట్లో చిట్టి ఏడుపు, అమ్మ తిట్లు, నాన్న టార్చి పట్టుకుని పక్క దులపడం. ఊరు ఊరంతా నాశనమైపోయింది, ఉద్యోగం మాటేమిటో తెలియదు, కైలాసగిరి వైపు చూస్తే ఒక్క పచ్చటి ఆకు లేదు. మేం మాత్రం చీమల గురించి పోట్లాడుకున్నాం.

ఇంకో ఫ్యామిలీ ప్యాక్ కూడా ఇచ్చాడాయన, సీలు తియ్యనిది. నాన్న మూత తీసి లోపలికి చూసి, నాకు చూపించారు. నిండా ఉండాల్సింది సగానికి కాస్త పైన ఉంది. "చూశావా, మిగతాది గాలిరా. దానికి కూడా డబ్బులిచ్చి కొనుక్కుంటున్నాం ఇన్నేళ్లూ" అని పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ కూడా, తిట్టడం ఆపి.

ఆ మాటే బావ అంటే ఒళ్లు మండింది. మరి బావ తప్పేముంది? ఆయనకి ఆ మెట్లు తెలియవు, ఆ వారం వాళ్లు హైదరాబాదులో మా ఫోను కలవక అక్కతో పాటు నిద్ర లేకుండా ఉన్నారు. కరెంటు వచ్చేలోపే రెండు బస్తాల బియ్యం, కొవ్వొత్తులు, టార్చిలు కారులో వేసుకుని వచ్చిందీ ఆయనే. సర్లే. అయినా సబ్‌మెరైన్ ముందు అనక్కర్లేదు.

ఇందాక లేచి ఇంకో పని చేశాను. ఫ్రిజ్‌లో పిల్లల కోసం తెచ్చిన 700 మిల్లీలీటర్ల టబ్బు ఉంది, సీలు తీయలేదు. ఐస్‌క్రీమ్‌ని ఎక్కువగా బరువుతో కాదు, కొలతతో అమ్ముతారు, అక్కడే ఉంది కిటుకు. లీటరుకి కనీసం 525 గ్రాములు ఉండాలని రూలు. అంటే 700కి 367 గ్రాములన్నర. మా ఆవిడ కేకులకి కొన్న కాటా తీసి తూచాను: 412. అదే కంపెనీ ఖాళీ టబ్బులో అమ్మ ఎండుమిరపకాయలు పోసుకుంటుంది, అవి కంచంలో ఒంపి టబ్బు, మూత తూచాను: 30. అంటే లోపల 382. పాసే! తక్కువొస్తే పొద్దున్నే ఎవరికి రాయాలో కూడా అనుకుని ఉన్నాను, ఆ కోపం ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాను.

ఆలోచిస్తే రూలులోనే సగం గాలికి చోటుంది. చిలికే మిశ్రమం లీటరు తూస్తే కిలో పైమాటే, అందులో సగం బరువున్నా చాలంటున్నారు మరి. గాలి లేకపోతే చెంచా దిగదు, ఫ్రీజరులోంచి తీస్తే ఇటుకే. బావ పొగిడిన జెలాటోలోనూ గాలి కొడతారు, కాకపోతే మిశ్రమంలో నూటికి ఇరవై, ముప్ఫై వంతులు. గాలి తక్కువ కాబట్టే అంత చల్లగా ఉంచలేరు. సోర్బెట్‌లో వెన్న లేదు, ఆ పని పంచదార చూసుకుంటుంది, అందుకే అది అంత తీపి. "షుగర్ తగ్గించి చెయ్యొచ్చుగా" అని బావ అక్కడ సలహా ఇచ్చారు. తగ్గిస్తే పుల్లైసు అవుతుంది బావా. ఇది అప్పుడు తట్టలేదు నాకు.

గాలి సంగతిలో ఇక బావ మీద కోపం లేదు. ఆ మగ్గు మీద మాత్రం ఉంది. అది పోదు. పార్లరు పెద్దాయనతో నెమ్మదిగా మాట్లాడాలి, చిట్టి పక్కన లేనప్పుడు.

రేపు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి వెళ్తారు వీళ్లు. పొద్దున్నే ఎంవీపీ రైతుబజారుకి పోయి అక్కకి సువర్ణరేఖలు కట్టించాలి, సగం పండు, సగం దోర. అల్లుడుగారికి మాత్రం బంగినపల్లే కావాలట, అదీ అమ్మే చెప్పింది, రెండు పెట్టెలు వేరువేరుగా కట్టించమని. స్టేషన్లో కూలీ వద్దట, నువ్వున్నావుగా అంది. ఎండుమిరపకాయలు మళ్లీ టబ్బులో పోసి పడుకుంటాను.