తొమ్మిదో బ్యాచ్ మజ్జిగైంది

వాడేసిన వంటనూనెతో ఇంట్లోనే బయోడీజిల్ చేస్తుంటాను. ఎనిమిదో బ్యాచ్ బాగానే వచ్చింది. సగం డీజిల్ కలిపి 5 హెచ్‌పీ ఇంజన్‌లో పోసి తోట తడిపాను. దాని సంగతి అంతే. తొమ్మిదోదే మూడు రోజులు నిద్ర లేకుండా చేసింది.

నూనె మా పర్లాకిమిడి బజార్లో బరా, పియాజీ వేసే కొట్టుది. పామాయిలు, 10 లీటర్లు, రథయాత్ర రద్దీలో బాగా మరిగింది. టైట్రేషన్ (నూనెలో యాసిడ్ ఎంతుందో చూసే పరీక్ష) 4.2! నాకెప్పుడూ 2 దాటదు. నా పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) 85 శాతం స్వచ్ఛతది కాబట్టి, యాసిడ్ లేని నూనెకైనా పట్టే బేస్ 8.2, వెరసి లీటరుకి 12.4 గ్రాములు, మొత్తం 124 గ్రాములు. మెథనాల్ 2 లీటర్లు, 55 డిగ్రీలు, గంటన్నర. బయోడీజిల్ నుంచి విడిపోయే గ్లిజరిన్ చక్కగా అడుగుకి దిగింది. అక్కడిదాకా నేనే మొనగాణ్ణి.

అందులో మిగిలిన సబ్బు పోవడానికి మొదటి కడుగుకి 3 లీటర్ల గోరువెచ్చటి నీళ్లు పైనుంచి చల్లాను. కలపలేదు, చల్లానంతే. పది నిమిషాల్లో డ్రమ్మంతా తెల్లబడింది. అమ్మ తొంగి చూసి "ఏట్రా, మజ్జిగ చేస్తన్నావా?" అంది. తెల్లారాక చూస్తే పైన వేలెడు మందం పసుపు నూనె, అడుగున కాసిని నీళ్లు, మధ్యలో అంతా మీగడ. వేలితో తీస్తే జారదు. 100 గ్రాముల ఉప్పు వేస్తే కొంచెం కదిలింది. 60 డిగ్రీలకి కాచి 150 మి.లీ. వెనిగర్ పోశాక గానీ విరగలేదు. చేతికొచ్చింది ఆరున్నర లీటర్లు. వెనిగర్‌కి ఆ మీగడలోని సబ్బు విరిగి యాసిడ్ మళ్లీ అందులోకే చేరుతుంది కాబట్టి ఇంజన్‌కి పోయను.

నా అనుమానం మొదట నూనెలో మిగిలిన నీటి మీదే. పొటాష్ కలపకముందు నూనెని 110 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలే ఉంచాను, చిటపట ఆగిందో లేదో చూడలేదు. అడుగున పిండి ముద్దలు నీళ్లు పట్టుకునే ఉంటాయి. కడగకముందు సీసాలో దాచినదాన్ని 3 మి.లీ. తీసి 27 మి.లీ. మెథనాల్లో వేస్తే అడుగున నూనె బొట్టు నిలిచింది; పూర్తిగా బయోడీజిల్ అయితే కరిగిపోవాలి. అంటే రియాక్షన్ కూడా సగంలోనే ఆగిందన్నమాట. నీళ్లుంటే పొటాష్ సబ్బు చేయడానికే ఖర్చయిపోతుంది మరి. పొటాష్ డబ్బా వానలకి చెమ్మగిల్లిందేమో అనుకున్నా గానీ, టైట్రేషన్ కూడా దాంతోనే చేశాను, ఆ 4.2 వరకు తేడా అక్కడే సర్దుకుంటుంది; బేస్ 8.2లో మాత్రం ఉండిపోతుంది.

కాస్టిక్ సోడా చవకే, కానీ చలికాలం గ్లిజరిన్ రాయిలా గడ్డకడుతుంది, నాకొద్దు. నీళ్లు లేకుండా రెజిన్‌తో (సబ్బుని పట్టుకునే గుళికలు) శుభ్రం చేసుకోమంటారు కొందరు. ఇలాంటి తప్పు దాంట్లో బయటపడదు.

ఈసారి నూనెని వారం తేర్చి, అడుగు రెండంగుళాలు పారబోసి, మెథనాల్, పొటాష్ రెండు విడతల్లో పోస్తాను. డిసెంబర్ లోపు తేల్చాలి. పామాయిలుది పోయినేడు చలికి నెయ్యిలా పేరుకుంది. కానుగ గింజలు కూడా ఏరించి పెట్టమన్నాను, దాని యాసిడ్ సంగతి వేరే గొడవ.