తొమ్మిది వేల కిలోమీటర్ల కారులో మూడు చప్పుళ్ళు

ఏడు సీట్ల కారు కొని ఏడాదైనా నిండకముందే, మీటరు 9,000 కిలోమీటర్లు దాటే సమయానికి, మా బండిలో చప్పుళ్ళు మొదలయ్యాయి. దిష్టి తగిలిందని అమ్మ టైర్ల కింద మరోసారి నిమ్మకాయలు తొక్కించింది. నేను సర్వీస్ సెంటరుకు తీసుకువెళ్ళాను. అక్కడి అడ్వైజర్ గేటు ముందున్న నున్నటి రోడ్డు మీద రెండు నిమిషాలు నడిపి, జాబ్ కార్డు మీద ‘నార్మల్’ అని రాసి పంపించాడు. పది రోజుల తరువాత మళ్ళీ వెళ్ళినా అదే మాట రాశారు. గోతుల్లో వినిపించే చప్పుడును నున్నటి రోడ్డు మీద వెతికితే ఏం దొరుకుతుంది?

అప్పటి నుంచి ఒక చిన్న పుస్తకంలో ప్రతి చప్పుడునూ రాసుకోవడం మొదలుపెట్టాను. ఎంత వేగంలో వచ్చింది, రోడ్డు ఎలా ఉంది, బండిలో ఎంతమంది ఉన్నారు, బ్రేకు మీద కాలు ఉందా లేదా అన్నవే అందులోని వివరాలు. ఫోనులో రికార్డు చేసి చూశాను గానీ, వెనుక నుంచి వచ్చే సన్నటి హోరు అందులో సరిగా పడలేదు. నెల తిరిగేసరికి, ఒకటే అనుకున్న గోల నిజానికి మూడు వేర్వేరు చప్పుళ్ళని తేలింది.

మొదటిది వెనుక నుంచి వచ్చే కిటకిట. డిక్కీలో ఉన్న జాకీ, పానాలు, పండక్కి ఊరి నుంచి తెచ్చి దించడం మరచిపోయిన స్టీలు డబ్బా అన్నీ తీసేసినా అది ఆగలేదు. చివరికి మా ఆవిడ మూడో వరుసలో కూర్చుని, నేను నడుపుతుండగా ఒక్కొక్క చోట చెయ్యి ఆనించి చూసింది. మడిచిపెట్టిన సీటు బెల్టు బకిల్ పక్కనున్న ప్లాస్టిక్‌కు కొట్టుకుంటోంది. దాని కింద చేతి రుమాలు పెట్టగానే చప్పుడు ఆగిపోయింది.

రెండోది ముందు ఎడమ చక్రం వైపు నుంచి వచ్చే ‘టక్ టక్’. ఇది 20 కిలోమీటర్ల లోపు వేగంలోనే వినిపించేది. పుస్తకం తిరగేస్తుంటే ఒక విషయం కంటపడింది. స్పీడ్ బ్రేకరు మీద ముందు చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కి దిగితే చప్పుడు లేదు. ఒక్క చక్రం గోతిలో పడితే, లేదా బ్రేకరును ఏటవాలుగా దాటితే మాత్రం తప్పకుండా వస్తోంది. బండి మలుపుల్లో మరీ పక్కకు ఒరగకుండా ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్లను కలుపుతూ ఒక స్టెబిలైజర్ బార్ ఉంటుంది. రెండు చక్రాలూ సమానంగా లేస్తే ఆ బార్ మెలితిరగదు. ఒక్కటే లేచినప్పుడు మెలితిరిగి, ఆ బలమంతా దాని చివరలను పట్టుకుని ఉండే లింక్ రాడ్ల మీద పడుతుంది. అందుకని మూడోసారి వెళ్ళినప్పుడు, అడ్వైజర్ కాకుండా మెకానిక్కే నా పక్కన కూర్చోవాలని పట్టుబట్టి, సర్వీస్ సెంటరు వెనుక గతుకుల సందులోకి బండిని తీసుకువెళ్ళాను. రెండో గోతికే ఆయన “లింక్ రాడ్ సార్, లిఫ్ట్ ఎక్కిద్దాం” అన్నాడు. ఎడమ లింక్ రాడ్ కింది నట్టు వదులుగా ఉంది. అది ఆనే చోట పెయింటు లేచిపోయి, లోహం కొత్త రూపాయి బిళ్ళలా మెరుస్తోంది. కావలసినంత బలంతోనే బిగించే టార్క్ రెంచితో బిగించి మళ్ళీ అదే సందులో తిప్పితే చప్పుడు లేదు.

మధ్యలో నాన్నగారు ఇంకో రెండు చప్పుళ్ళు చెప్పారు గానీ అవి లెక్కలోకి రావు. ఇంజను ఆపాక వినిపించే టిక్ టిక్ వేడెక్కిన సైలెన్సర్ గొట్టాలు చల్లారుతూ కుంచించుకునే చప్పుడు. వానకు తడిసిన మరునాటి పొద్దున బ్రేకుల్లో వచ్చే గరగర, డిస్కుల మీద పట్టిన పలచటి తుప్పుది. నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది.

మూడోది 70 దాటితే వెనుక నుంచి వచ్చే హోరు. చక్రం సాఫీగా తిరగడానికి ఉండే వీల్ బేరింగ్ పోయిందేమోనని భయపడ్డాను. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళే రోడ్డు మీద, ముందూ వెనుకా బండ్లు లేని చోట స్టీరింగును కొద్దిగా ఎడమకూ కుడికీ తిప్పి చూశాను. ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రాల మీదికి వెళుతుంది కనుక, కుడి బేరింగ్ పాడైతే అప్పుడు హోరు పెరగాలి. పెరగలేదు, తగ్గలేదు. కానీ గరుకు తారు పోయి నున్నటి తారు రాగానే స్వరం మారింది. అంటే అది టైర్ల పని. వెనుక టైరు మీద అరచేయి పెట్టి ఒకవైపు నిమిరితే నున్నగా జారింది, ఎదురు నిమిరితే రంపపు పళ్ళలా గీసుకుంది. చక్రాలు సరైన కోణంలో ఉన్నాయో లేదో కొలిచే అలైన్‌మెంటు చూపిస్తే వెనుక చక్రాల వాలులో తేడా బయటపడింది. అది సరిచేసి, వెనుక టైర్లను ముందుకు మార్పించాను. ఇప్పుడు హోరు ముందు నుంచి వస్తోంది, కొంచెం తగ్గింది కూడా. ఆ పళ్ళు అరిగి చదును కావడానికి ఇంకో మూడు నాలుగు వేల కిలోమీటర్లు పట్టవచ్చని టైర్ల షాపాయన అన్నాడు.