బందరులో ఏముంది?

రాత్రి పదకొండు దాటింది. పగలంతా ఎండలో నడిచినందుకు పిక్కలు లాగుతున్నాయి, అయినా నిద్ర పట్టడం లేదు. ఇవాళ బందరులో, అదే మచిలీపట్నంలో, ఒక పెద్దాయన అడిగిన మాట మనసులో ముల్లులా దిగబడిపోయింది. "ఏముందమ్మా ఇక్కడ చూడటానికి? ఇంత ఎండలో ఎందుకొచ్చారు?" అన్నారాయన. ఆ గొంతులో ఎగతాళి లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. అప్పటికి ఏదో జవాబు చెప్పాను గానీ, అది నాకే చాలలేదు.

ఒంటరిగా వెళ్తానన్నప్పుడు మావారు ఏమన్నారో మీకు వేరే చెప్పనక్కరలేదు. మా చిన్నమ్మాయి మాత్రం ఫోను ఛార్జింగు చూసుకోమని చెప్పి ఊరుకుంది. పాత ఊళ్ళను నలుగురితో కలిసి చూడటం నాకు ఎప్పుడూ కుదరలేదు. ఒకరికి ఆకలి వేస్తుంది, ఇంకొకరికి ఎండ తగులుతుంది, మనం ఒక గోడ ముందు పది నిమిషాలు నిలబడితే అందరూ వాచీ చూసుకుంటారు. అందుకే ఈసారి ఎవరినీ పిలవలేదు. గుడివాడలో చిన్నాన్నగారింట్లో దిగి, పొద్దున్నే రైలెక్కి పెడన మీదుగా బందరు చేరాను. రాత్రి అక్కడే ఉండి, మర్నాడు తెల్లవారుజామున కోట వైపు నడవాలని అనుకున్నాను. అనుకున్నది జరగలేదు, ఎందుకో చెప్పాలి.

మొదట వెళ్ళిన లాడ్జిలో కౌంటరు దగ్గర ఉన్న కుర్రాడికి మా చిన్నదాని వయసు ఉంటుంది. "మీతో ఎవరొచ్చారండీ?" అన్నాడు. ఎవరూ రాలేదన్నాను. అతని వెనక చెక్కకు తాళంచెవులు వరసగా వేలాడుతున్నాయి, సగానికి పైగా గదులు ఖాళీ అని నాకు కనిపిస్తూనే ఉంది. "సింగిల్‌గా వచ్చినవాళ్ళకి ఇవ్వడం లేదండీ, ఓనరుగారు ఒప్పుకోరు" అన్నాడు. ఆధార్ కార్డు తీసి చూపించాను. అతను దాన్ని చేతిలోకి తీసుకోకుండానే, "పోనీ సార్‌తో ఒకసారి ఫోన్లో మాట్లాడించండి, ఆయన సరేనంటే చూద్దాం" అన్నాడు. నా కార్డు మీద నా పేరు ఉంది, నా ఫోటో ఉంది. నా జీతంతో కట్టిన ఇంటికి నా పేరుతోనే పన్ను కడుతున్నాను. అయినా ఒక రాత్రి పడుకోవడానికి నా మాట చాలదు, ఎక్కడో హైదరాబాదులో ఉన్న మనిషి గొంతు వినిపించాలి. ఫోను చేయనని చెప్పి బయటికి వచ్చేశాను. రెండో చోట ఇంకాస్త మర్యాదగా మాట్లాడారు గానీ, చెప్పింది అదే. ఎప్పుడో ఎవరో ఒంటరిగా వచ్చి గదిలో ఉరివేసుకున్నారట, పోలీసులు, పంచనామా, వాయిదాలతో చాలా రోజులు నలిగిపోయారట. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఒంటరిగా ఊరు చూడటానికి వచ్చిన ప్రతి మనిషినీ చావడానికి వచ్చినట్టు చూస్తే, ఈ దేశంలో మనిషి తనంత తానుగా ఎక్కడికి వెళ్ళగలడు? మగవాళ్ళకు కూడా ఇదే బాధ ఉందని విన్నాను, అయితే వాళ్ళను భార్యతో ఫోను చేయించమని ఎవరూ అడగరు.

ఆ కోపంతోనే నడక మొదలుపెట్టాను. కోనేరు సెంటరులో కాసేపు ఆగాను. 1930 మే 6న తోట నరసయ్యనాయుడు జెండా పట్టుకుని, పోలీసుల లాఠీలకు స్పృహ తప్పేదాకా వదలకుండా నిలబడింది అక్కడే. ఆటోల హారన్ల మధ్య ఆ మాట గుర్తు చేసుకోవడం కష్టమే, అయినా గుర్తు చేసుకున్నాను. 1902లో కృష్ణా పత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి ఆంధ్రా బ్యాంకు, అన్నీ ఈ ఊళ్ళోనే పుట్టాయి. ఇరవై ఏళ్ళ వ్యవధిలో ఒక ఊరు ఇన్నిటిని కనిందంటే, దాని వెనక మూడు వందల ఏళ్ళ రేవు ఉంది. గోల్కొండ సుల్తానుల కాలంలో 17వ శతాబ్దం మొదటి ఏళ్ళలోనే వలందులు, అంటే డచ్చివాళ్ళు, ఇక్కడ కొట్లు పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు, ఆ తర్వాత ఫ్రెంచివాళ్ళు వచ్చారు. అందరూ వచ్చింది ప్రధానంగా మన బట్ట కోసమే. కరక్కాయ కషాయంలోనూ పాలలోనూ నానబెట్టి, ఆరబెట్టి, అచ్చులు అద్ది, కాలువ నీళ్ళలో మళ్ళీ మళ్ళీ ఉతికి తేల్చిన ఆ రంగుల కోసం, పర్షియా నుంచి ఐరోపా దాకా మనుషులు ఈ బురద తీరానికి వచ్చి పడ్డారు. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, ఫ్రెంచిపేట ఇప్పటికీ మామూలు వీధులుగా ఉన్నాయి. వాటిలో ట్యూషన్లు, టైలరు దుకాణాలు, ముగ్గులు వేసిన వాకిళ్ళు ఉన్నాయి.

వలందుల సమాధుల దగ్గర చాలాసేపు ఉన్నాను. నేలకు పరిచిన పెద్ద నల్లరాతి పలకలు అవి. ఒకదాని పక్కన గొంతుక్కూర్చుని చూశాను. మామూలుగా మనం చూసే శిలాఫలకాల మీద అక్షరాలు లోపలికి తవ్వి ఉంటాయి. ఇక్కడ అక్షరం చుట్టూ ఉన్న రాయిని తొలిచి, అక్షరాన్ని పైకి నిలబెట్టారు. పైన ఒక డాలు, డాలు మీద శిరస్త్రాణం, దాని రెండు వైపులా ఆకులు మెలికలు తిరుగుతూ కిందికి జారాయి. శిరస్త్రాణం ఏ ఐరోపా వంశానిదో కావచ్చు గానీ, ఆ తీగ మెలిక మన గుడి ద్వారబంధాల మీద చూసినట్టే ఉంది. చెక్కింది మన రాతిపనివాళ్ళేనని నాకు గట్టిగా అనిపించింది. తనకు చదవడం రాని భాషలోని అక్షరాలను, ఒక్కటి కూడా తడబడకుండా, ఎత్తు తగ్గకుండా రాతిలోంచి పైకి తీసిన ఆ చేతులు ఎవరివో! పలక కింద ఉన్నవాడి పేరు ఉంది, చెక్కినవాడి పేరు లేదు.

ఆ పలక మీదే ఎవరో సీసా పగలగొట్టారు. అక్షరాల గాళ్ళలో గాజుపెంకులు ఇరుక్కుని ఉన్నాయి. పక్క పలక మీద తెల్ల రంగుతో రెండు పేర్లు, మధ్యలో బాణం గుర్తు. పాడుచేస్తే శిక్ష తప్పదని హెచ్చరించే బోర్డు కనిపించింది గానీ, ఇక్కడ ఉన్నది ఎవరో, ఎందుకు వచ్చారో చెప్పే తెలుగు మాట ఒక్కటీ నాకు కనిపించలేదు. అక్కడే ఆ పెద్దాయన సైకిలు ఆపి ఆ మాట అడిగారు. ఇక్కడ మూడు వందల ఏళ్ళ కిందటి రాళ్ళున్నాయండీ అన్నాను. "రాళ్ళే కదమ్మా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. తన ఊరంటే తనకే లెక్కలేని మనిషి అనుకున్నాను.

ఆయన అంతటితో వెళ్ళిపోలేదు, ఎండలో ఉన్నానని దగ్గరలో ఉన్న మిఠాయి కొట్టు దాకా తోడొచ్చారు. తొక్కుడు లడ్డు తిన్నాను. శనగపిండితో చేసిన పూసను వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో వేసి మళ్ళీ నలగ్గొడతారు కదా, నాలుక మీద రవ్వలా తగలకుండా కరిగిపోయింది. బాగుంది.

కోట వైపు నడుస్తుంటే ఊరు వెనకబడి, సర్కారు తుమ్మ పొదలు మొదలయ్యాయి. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డు రాత్రిపూట మీదపడి ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి గుంజుకున్న కోట ఇది. మిగిలిన కట్టడాల ఇటుకల్లోకి రావి వేళ్ళు దిగాయి. అక్కడ నిలబడితే, దీన్ని పడగొట్టింది యుద్ధం కాదన్న సంగతి గుర్తొచ్చింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో ఈ ఊరూ చుట్టుపక్కలా కలిపి దాదాపు 30,000 మంది పోయారు. అంతకు ముందే రేవు పూడుకుపోయి, పెద్ద ఓడలు దూరాన లంగరు వేసేవి. ఆ రాత్రి తర్వాత బందరు మళ్ళీ పాత బందరు కాలేదు.

అప్పుడు అత్తయ్య గుర్తొచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమకు ఉప్పెన వచ్చినప్పుడు నేను మూడో తరగతి. నాగాయలంక దగ్గరి పల్లె నుంచి అత్తయ్యనీ పిల్లల్నీ నాన్నగారు గుడివాడ తీసుకొచ్చారు. బడి డాబా ఎక్కినవాళ్ళు మిగిలారు, ఎక్కలేనివాళ్ళు పోయారు. అత్తయ్య అత్తగారూ మామగారూ ఎక్కలేకపోయారు. సంక్రాంతి దాకా ఆమె మా ఇంట్లోనే ఉంది. ఇంట్లో ఉన్న ప్రతి గిన్నెలోనూ, చివరికి నా స్కూలు టిఫిను డబ్బాలో కూడా, మంచినీళ్ళు నింపి మూత పెట్టేది. ఉప్పెన తీశాక చుట్టూ నీళ్ళే ఉన్నా, తాగడానికి చుక్క దొరకని రోజులు ఆమె చూసింది. అమ్మకు వంట గిన్నె ఖాళీగా దొరికేది కాదు, అయినా ఒక్కనాడూ విసుక్కోలేదు. కొన్నేళ్ళ తర్వాత కార్తీక పౌర్ణమికి అందరం మంగినపూడి వెళ్ళాం. మేమంతా నీళ్ళలో దిగితే, అత్తయ్య మా బట్టల మూట ఒళ్ళో పెట్టుకుని, సముద్రానికి వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. ఒక్కసారి చూడు అత్తయ్యా అని చెయ్యి పట్టి లాగాను. "నేను చూసింది చాలమ్మా" అంది. లాగడం మానేశాను.

ఆ పెద్దాయన మాటను ఇప్పుడు మళ్ళీ తలుచుకుంటే, పొద్దున వచ్చినంత కోపం రావడం లేదు. ఒక్క రాత్రిలో ఊరంతా మునిగిన చోట, మిగిలినవాళ్ళు సముద్రానికి వీపు పెట్టే ఇళ్ళు కట్టుకుని ఉంటారు. వాళ్ళ మనవలకు రేవు గొప్పలు చెప్పలేదని ఎవరిని తప్పుపట్టగలం? నాలాంటి వాళ్ళు ఒక పూట చూసి వెళ్ళడానికి వీలుగా ఊరు తనను తాను సర్దిపెట్టుకోవాలని అడిగే హక్కు నాకు లేదు.

ఇంతవరకు రాసి, లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. అది కూడా పూర్తి నిజం కాదనిపిస్తోంది. అత్తయ్య సముద్రాన్ని చూడలేదు గానీ, పోయినవాళ్ళను మరిచిపోలేదు. ప్రతి నవంబరులోనూ వాళ్ళ వీధిలో పోయినవాళ్ళను ఇంటింటి వరసన పేరుపేరునా చెప్పుకునేది, మాచేత కూడా చెప్పించేది. బాధ వల్ల మొహం తిప్పుకోవడం వేరు, రాతి మీద సీసా పగలగొట్టడం వేరు. ఆ సీసా పగలగొట్టినవాళ్ళకు 1864 గురించి గానీ, ఆ అక్షరాలు చెక్కిన రాతిపనివాడి గురించి గానీ ఎవరూ చెప్పి ఉండరు. మంగినపూడి దగ్గర ఇప్పుడు కొత్త రేవు కడుతున్నారు. ఓడలు మళ్ళీ వచ్చేలోపు, బందరు బడుల్లో పిల్లలను ఒక పూట ఆ సమాధుల దాకా, కోట దాకా నడిపించి, ఇక్కడ ఏం వెలిగిందో, ఏం మునిగిందో వాళ్ళ మాస్టార్లే చెబితే బాగుంటుంది. టిక్కెట్లు, లైట్లు, ఫోటోల కోసం రంగు గోడలు అక్కరలేదు. గడ్డి కోసి, తెలుగులో నాలుగు వాక్యాలు రాసిపెడితే చాలు.

లాడ్జి విషయంలో మాత్రం నా మనసు మారలేదు. చీకటి పడేసరికి గుడివాడ బస్సెక్కాల్సి రావడంతో కోట దగ్గర తెల్లవారుజాము వెలుగు చూడలేకపోయాను, ఆ కోపం అలాగే ఉంది. రేపు పొద్దున్నే ఆ యజమానికి ఉత్తరం రాస్తాను. గది ఇచ్చే ముందు గుర్తింపు కార్డు చూడండి, చిరునామా రాసుకోండి, కావాలంటే అడ్వాన్సు తీసుకోండి, మొగుడితో ఫోను చేయించమని మాత్రం ఏ ఆడమనిషినీ అడగవద్దని రాస్తాను. కార్తీకంలో మళ్ళీ బందరు వెళ్తున్నాను, అప్పుడు గది ఇస్తారో లేదో ముందే తెలియజేయమని కూడా అడుగుతాను. జవాబు వస్తే ఇక్కడే చెబుతాను.