నలభై దాటిన కళ్లకు తేలినీలాపురం

చలికాలంలో శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పక్షులు గూళ్లు కట్టే ఊరు తేలినీలాపురం వెళ్తే చెట్లన్నీ చుట్టి రాకండి. గూళ్లున్న ఒక్క చెట్టు చూసుకుని, దూరంగా అరగంట కూర్చోండి. మొదటి పది నిమిషాలు విసుగే. చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. పోనివ్వకండి. ఆ తర్వాతే కనిపిస్తుంది, గూడబాతు (పెలికాన్) పిల్ల పెద్దదాని గొంతుసంచిలో తల మొత్తం దూర్చి చేపలు తినడం.

8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. ఈ వయసులో చాలామందికి రెండు కళ్లూ ఒకేలా ఆనవు; మసగ్గా ఉంటే బైనాక్యులర్‌ని తిట్టుకోకండి. కుడికన్ను మూసి మధ్య చక్రం తిప్పండి, తర్వాత ఎడమకన్ను మూసి కుడి గొట్టం దగ్గరి రింగు తిప్పండి. కళ్లజోడుంటే రబ్బరు కప్పులు లోపలికి దించాలి.

గూళ్ల కిందకి మాత్రం వద్దు. పెద్దపక్షి బెదిరి లేచిందంటే గుడ్ల మీద కాకి వాలుతుంది. పేరు తెలియకపోయినా సరే, పక్షి ఏం చేసిందో మూడు వాక్యాలు రాసుకోండి.