రెట్ సిండ్రోమ్ ఉన్న మా పాపకు ఫిజియోథెరపీ

మా అక్క కూతురికి రెట్ సిండ్రోమ్ ఉందని జన్యు పరీక్షలో తేలిన తర్వాత, ఒడిశాలోని పర్లాకిమిడిలో మమ్మల్ని పలకరించే వారందరూ అడిగేది ఒక్కటే: వ్యాయామాలు చేయిస్తే పాప మామూలుగా అవుతుందా? కాదు. ఎక్స్ క్రోమోజోములోని ఎంఈసీపీ2 జన్యువులో మార్పు వల్ల దాదాపుగా ఆడపిల్లలకే వచ్చే ఈ వ్యాధిని ఏ వ్యాయామమూ సరిచేయదు. 2023లో అమెరికాలో అనుమతి పొందిన ట్రోఫినెటైడ్ మందు కూడా ఆ జన్యువును మార్చదు. సాధారణంగా 6 నుంచి 18 నెలల వయసులో మొదలై, వచ్చిన మాటలను, బొమ్మను పట్టుకునే చేతి నేర్పును వెనక్కు తీసుకుపోయే వ్యాధి ఇది. ఫిజియోథెరపీ కాపాడేది మిగిలిన శక్తిని.

పిక్కలు బిగుసుకుని మడమలు నేలకు ఆనకపోవడం, ఎముకలు బలహీనపడటం, వెన్ను పక్కకు వంగడం ఈ పిల్లల్లో తరచుగా కనిపిస్తాయి. అందుకే మడమకు స్ప్లింటు (పాదాన్ని సరిగ్గా నిలిపి ఉంచే గట్టి పట్టీ), రోజూ కాసేపు స్టాండింగ్ ఫ్రేములో (నిలబడేందుకు ఆసరా ఇచ్చే చట్రంలో) నిలబెట్టడం. వెన్ను విషయంలో ఇంటి అలవాట్లకూ పని ఉంది: అమ్మమ్మ ఎప్పుడూ ఒకే చంకన ఎత్తుకోకుండా, టీవీ, కిటికీ, పిలిచే మనిషి అన్నీ ఒకే దిక్కున ఉండకుండా చూడమని బరంపురంలోని థెరపిస్టు చెప్పారు. పాతపట్నం నుంచి వచ్చే చుట్టాలు చెప్పే నూనె మర్దనా పాపకు హాయినిస్తే ఇవ్వనీ, కానీ కీళ్లను బలవంతంగా వంచకూడదు, చేతులు పట్టి గుంజి లేపకూడదు.

అన్నిటికంటే కష్టమైనది ఎదురుచూడటం. పాప చేయాలనుకున్న కదలికను తన శరీరం వెంటనే అందుకోలేదు; దీన్ని అప్రాక్సియా అంటారు. అందుకే థెరపిస్టు ఒడియాలో చెప్పిన సూచననే మా అక్క తెలుగులో "లే తల్లీ" అని ఒక్కసారి చెప్పి ఊరుకోవాలి. జవాబు రాలేదని వెంటవెంటనే పిలిస్తే పాప కంగారుపడి, మొదలైన కదలిక కూడా ఆగిపోతుంది. పక్కన నిలబడి చూసేవారికి ఇది బద్ధకంలా, మొండితనంలా తోస్తుంది. అది నాకు కోపం తెప్పించే మాట.

ఇప్పుడు అక్క ప్రతిసారీ పాప కూర్చునే తీరు, నడక ఫోనులో వీడియో తీసుకుని థెరపిస్టు దగ్గరకు వెళ్తోంది. కొత్త గదిలో బెదిరిపోయిన పాపలో కనిపించనివి థెరపిస్టుకు అందులో కనిపిస్తున్నాయి; వ్యాయామాలను వాటిని బట్టే మారుస్తున్నారు.